ఓరిన్ తలుపు ఎందుకు తియ్యలేదు

నాటింగ్‌హామ్,
నవంబరు 9.

మాటలొచ్చిన రోజు నుంచీ నాతో వాదిస్తున్న సిరి పిల్లకి,

నీ వీడియో చూశాను. ఇరవై మూడు నిమిషాలు. అందులో 'లిటరల్లీ' పద్నాలుగు సార్లు. నా క్లాసులో అయితే మూడోసారికే బయట నిలబెట్టేదాన్ని. ఫార్మసీ చదువు మధ్యలో వదిలేసి ఎడిన్‌బర్గ్ వెళ్ళి ఏం చేస్తున్నావో ఇన్నాళ్ళకి అర్థమైంది. వీడియో గేముల కథల్ని చీల్చి చెండాడుతున్నావు. కాకినాడ ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చేసిందీ అదే. కాకపోతే నన్ను లెక్చరరు అన్నారు.

నువ్వు వీడియోలో ఏకేసిన పడవ ఆట రెండో భాగం మేమూ తెచ్చుకున్నాం. ఆడేది నేనే. నవ్వకు. ఈ కీళ్ళవాతం వేళ్ళతో కంట్రోలరు పట్టుకుంటే పడవ ముందుకి పోదు, గానుగెద్దులా తిరుగుతుంది. మీ అమ్మకి ఆసుపత్రి డ్యూటీలతోనే సరి. మరి తప్పుతుందా? ఆ ఆటలో ఎవరూ నోరు విప్పరు, మాటలన్నీ తెర మీద అక్షరాలే. తాతయ్యకి చూపు పోయాక మొదటి భాగం నువ్వు ఆడుతూ, ఆ అక్షరాలు తెలుగులో చెప్పి వినిపించేదానివి. ఇప్పుడా పని నా నెత్తిన పడింది. నీలా 'ఏదో అన్నాడులే తాతయ్యా' అని దాటెయ్యను. ఒక్క మాట మింగకుండా ఉన్నదున్నట్టు చెబుతాను.

నీ అభియోగమేమిటి? మొదటి భాగంలో ఎవరు ఏ తప్పు చేసి వచ్చినా, ఏమిటని అడగకుండా ఏరు దాటించాడు పడవ నడిపే ఓరిన్ ముసలాయన. రెండో భాగంలో, తను పెంచిన నెల్ వానలో తడుస్తూ వచ్చి తలుపు కొడితే తియ్యడు. 'పాత్రని పాడు చేశారు, కథ రాసేవాళ్ళు నిద్రపోయారు' అన్నావు. మీ తాతయ్యదీ ఇదే గోల. నిన్న టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నాతో తగువు.

"మనిషి ఊరికే మారడు కస్తూరీ. కారణం ఉండాలి. రాయడం మర్చిపోయారు వెధవలు."

"ముసలితనం చాలదూ?" అన్నాను.

"నాకు ఎనభై రెండు. నేను మారానా?"

"మీరు మొదట్నుంచీ ఇంతే. మారడానికి మిగిలిందేముంది?"

నవ్వారు గానీ ఒప్పుకోలేదు.

నేనూ ఒప్పుకోను. మనుషులు మారతారు సిరీ. నువ్వు వెళ్ళేరోజు 'వెళ్తే మళ్ళీ నా గుమ్మం తొక్కకు' అన్నదెవరు? నిన్ను భుజాన మోసిన తాతయ్యే కదా. పోయిన నెల నువ్వు ఫోన్ చేసినప్పుడు చెప్పాను, మాట్లాడనన్నారని. కొన్ని తలుపులు తెరుచుకోవు. రాసినవాళ్ళు నిజమే రాశారు.

స్వెట్టరు వేసుకో. వచ్చే వీడియోలో 'లిటరల్లీ' తగ్గించు.

ఇంకా నీ పేపర్లు దిద్దుతున్న
అమ్మమ్మ


నాటింగ్‌హామ్,
జనవరి 18.

సిరీ,

దహనం రోజున నువ్వు చివరి వరసలో, తలుపు పక్కన నిలబడ్డావు. మీ అమ్మ వచ్చి పెట్టె మీద పూలు పెట్టమంటే, "తాతయ్యకి ఇష్టం ఉండదేమో" అన్నావు. ఆ మాట నాకు వినబడింది. విని కూడా నోరు మెదపలేదు. నాలుగు రోజుల నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను, చింపుతున్నాను.

తాతయ్య నీతో మాట్లాడనని అనలేదు. ఆ మాట నాది.

అక్టోబరులో నువ్వు ఫోన్ చేసినప్పుడు వంటింట్లో దొండకాయలు తరుగుతున్నాను. ఐదు నెలల తర్వాత నీ గొంతు. "అమ్మమ్మా, తాతయ్యకివ్వు" అన్నావు. అంతే. బావున్నావా అనలేదు. తొమ్మిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చి, స్కూల్లో ఎవరూ మాట్లాడట్లేదని నా మోకాళ్ళ మధ్య కూర్చుని, జడ వేయించుకుంటూ ఏడ్చిన పిల్లవి. శనివారం శనివారం నాతో తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లవి. నువ్వు వెళ్తానంటే నీ తరఫున ఆయనతో పోట్లాడింది నేను. ఆయన గుమ్మం తొక్కొద్దన్నారు, నేను నీ పెట్టెలో పచ్చడి సీసాలు సర్దాను. అయినా నీకు కావలసింది ఆయన. ఎక్కడో మండింది. "మాట్లాడరట" అని పెట్టేశాను.

ముందుగదిలోంచి "ఎవరు కస్తూరీ?" అని అడిగారు. "వాటర్ మీటరు వాళ్ళు" అన్నాను.

సాయంత్రం నేనే నీకు ఫోన్ చేసి ఆయనకిద్దామనుకున్నాను. సాయంత్రమైంది. మర్నాడూ అయింది. వారం తిరిగేసరికి అబద్ధం ముదిరిపోయింది, ఇక కోసినా తెగలేదు. నీకు ఉత్తరం రాసి దానికి ఇంకో కొమ్మ అంటుకట్టాను. ఆ రోజు నేను ఓరిన్ కోసం వాదించలేదు సిరీ. నా అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి వాదించాను.

ఫోన్ మోగిన ప్రతిసారీ "సిరేనా?" అనేవారు. మీరే చెయ్యకూడదా అంటే, "పొమ్మన్నవాణ్ణి, ఏ మొహంతో పిలవను? అదే చెయ్యాలి" అనేవారు. నువ్వు చేశావని నాకు తెలుసు. నీ వీడియో నాలుగుసార్లు పెట్టించుకున్నారు. "గొంతు సన్నబడింది, తింటోందో లేదో" అన్నారు. నెల్ తలుపు కొట్టే చోట ఆట ఆపించేశారు. "మిగతాది సిరి వచ్చి ఆడుతుంది. నీ తిప్పుడుకి నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు.

ఛాతీలో ఇన్ఫెక్షన్ అని ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు మధ్యాహ్నం, మాస్కు పక్కకి లాక్కుని పిలిచారు.

"కస్తూరీ, దొరికింది. ఓరిన్ తలుపు వెయ్యలేదు. లోపల ఇంకెవరో ఉన్నారు. గడియ వాళ్ళ చేతిలో ఉంది."

"ఎవరంటారు?"

"ఎవరో. వాళ్ళకీ ఏదో కష్టం తగిలుంటుంది, పాపం. అది రాసుంటే కథ నిలబడేది."

తెలిసి అన్నారో, కథ గురించే అన్నారో ఇప్పటికీ తెలీదు. కారిడార్లోకి పరిగెత్తి నీకు ఫోన్ చేసి 'రా' అన్నాను. నీ రైలు దారిలోని న్యూకాజిల్ అయినా చేరకముందే ఆయన వెళ్ళిపోయారు.

నన్ను క్షమించమని అడగను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో కాపీ కొట్టినవాళ్ళెవరికీ నేను మార్కులు వెయ్యలేదు. కానీ ఆయన్ని మాత్రం తప్పుగా మోసుకు తిరగకు. నీ వీడియోలో నువ్వన్నదే నిజం. ఆయన అలాంటివారు కాదు.

ఆట అక్కడే ఆగి ఉంది. రోజూ టీవీ పెట్టి చూస్తాను. నెల్ వానలోనే నిలబడి ఉంటుంది. తలుపు కొట్టే బటన్ మీద వేలు పెడతాను, నొక్కలేను. వచ్చి ఆడు. నాతో మాట్లాడకపోయినా సరే, ఆయన కుర్చీకి చదివి వినిపించు. తెలుగులోనే, గట్టిగా. నేను వంటింట్లో ఉంటాను.

అమ్మమ్మ అని రాయవచ్చో లేదో నువ్వే చెప్పాలి.

కస్తూరి