సోమవారమే వచ్చింది

మార్చి 3, సోమవారం
బ్యాంకులో ఇయర్ ఎండింగ్ రద్దీ. క్యూ తలుపు దాటింది. గౌసియా బేగం అనే టైలర్ వచ్చింది. రంజాన్ ఉపవాసం, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నిన్న నాగ్‌పూర్ ఏటీఎంలో ఎవరో ఆమె ఖాతాలోంచి డబ్బు తీశారట. కార్డు ఆమె పర్సులోనే ఉంది. సిస్టం స్లో. రేపు అప్లికేషన్ రాసి తెమ్మన్నాను.

మార్చి 4
తెచ్చింది. ట్రేలో పెట్టాను. లంచ్ తర్వాత ఎంటర్ చేయాలి.

మార్చి 13, గురువారం
గౌసియా బేగం మళ్లీ వచ్చింది. ఆరో తారీఖున మిగతా డబ్బూ పోయింది. పండుగ కుట్టుపనికి లైనింగ్ బట్ట కొనడానికి దాచుకున్నది. అప్లికేషన్ లోన్ ఫైళ్ల కింద అలాగే ఉంది. నేను కార్డు కూడా బ్లాక్ చేయలేదు. ఇప్పుడు బ్లాక్ చేసి కంప్లైంట్ ఎంటర్ చేస్తే సిస్టం ఈరోజు తేదీ వేసింది.

మూడు పనిదినాల్లో చెబితే కస్టమర్‌కు నష్టం ఉండదు. ఏడు దాటితే బ్యాంకు ఎంత ఇస్తే అంత. ఈ రూల్ అందరికీ చెప్పేది నేనే.

"నేను మూడో తారీఖు సోమవారమే వచ్చిన గద మేడం. మీరే రేపు రమ్మన్నరు" అంది. గొంతు పెంచలేదు. క్యూలో అందరూ నా వైపు చూశారు. గుర్తులేదన్నాను.

గుర్తుంది.

మార్చి 14
హోలీ. సెలవు. రంగులాడటానికి కిందికి దిగలేదు.

మార్చి 15
కస్టమర్ మొదట ఎప్పుడు చెప్పిందని హెడ్ ఆఫీస్ అడిగింది. మేనేజర్ ఓంప్రకాశ్ సార్ తలుపు వేసి మెల్లగా చెప్పారు: "సిస్టంల ఏ తారీఖు ఉంటే గదే రాయి సంగీతా. ఆమె దగ్గర రసీదు లేదు."

రసీదు ఇవ్వనిది నేనే. జూన్‌లో నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. సోమవారం రాసిస్తానన్నాను.

మార్చి 17
బ్యాంకుకు వెళ్లే ముందు ఆమె షాపుకు వెళ్లాను. కూతురు ఫరీహా ఎవరికో కత్తిరించని బట్ట, అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తోంది. గౌసియా బేగం నాకు స్టూల్ జరిపింది. కూర్చోలేకపోయాను. మీరు మూడో తారీఖునే వచ్చారు, పక్కన పెట్టింది నేనే అని చెప్పేశాను. ఆమె మిషన్ మీది దారాలు ఏరింది.

"మరి గదే కాయిదం మీద రాస్తరా?"

బ్యాంకుకు వెళ్లి అలాగే రాశాను. ఆమె అప్లికేషన్ కూడా జతచేసి సార్ చేతికిచ్చాను. ఆయన తలెత్తలేదు.

ఏప్రిల్ 9
ఆమె డబ్బంతా వెనక్కి వచ్చింది. పండుగ అయిపోయింది. నాకు మెమో. ఈ ఏడాది ప్రమోషన్ లేదు. ఫోన్ చేసి డబ్బు పడిందని చెప్పాను. సరే మేడం అని పెట్టేసింది.

ఏప్రిల్ 16
గౌసియా బేగం ఖాతా క్లోజ్ చేయడానికి వచ్చింది. ఫారం నేనే నింపాను. కారణం అన్న చోట ఏం రాయమంటారని అడిగాను.

"మీ ఇష్టం మేడం" అంది.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.