మెసేజ్ రాని రోజు

2015 జూలై 19, ఆదివారం

నా ప్రాజెక్టు పని చేస్తోంది. ఎచ్చెర్ల కాలేజీలో మా సార్‌కి నచ్చుతుందో లేదో గాని మా జాలరిపేటకి నచ్చింది. వాతావరణం సైట్‌లో గాలి హెచ్చరిక పడితే చాలు, నా పైథాన్ ప్రోగ్రాం పడవల వాళ్ళందరికీ మెసేజ్ పంపేస్తుంది. గంగులు మావయ్య ఆకాశం చూడటమే మానేశాడు. మెసేజ్ రాలేదంటే ఎల్లిపోడమే అంటున్నాడు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

జూలై 26

మావయ్య కొడుకు ఈశ్వర్ బావ వచ్చాడు. నాకు కోడింగ్ నేర్పింది అతనే. వైజాగ్ కంపెనీ టెస్టుకి ప్రోగ్రాం రాసి పంపాలట, తన సిస్టం పాడైందట, నా ల్యాప్‌టాప్ అడిగాడు. ఉండు బావా, నీకు వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెడతాను, ఒకే ల్యాప్‌టాప్‌లో విడి గది లాగ, నీ లైబ్రరీలు నీవి, నావి నావి అన్నాను. అన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ సేస్తే డాంగిల్‌లో నెట్ అయిపోతాది, ఉన్నవే అప్‌డేట్ సేసేస్తానే అన్నాడు. గురువుగారితో వాదిస్తానా. సరేనన్నాను.

జూలై 27

టెస్టు పంపేశాడు. ల్యాప్‌టాప్‌కి దండం పెట్టి మరీ వెళ్ళాడు. వెర్రి బావ.

జూలై 30, రాత్రి

మధ్యాహ్నం నుంచి ఒకటే గాలి. పొద్దున్న వెళ్ళిన పడవలు ఎలాగో తిరిగొచ్చాయి. మావయ్యది రాలేదు. మెసేజ్ రాలేదేటే దుర్గా అని నారాయణమ్మ అత్త అడిగింది. ఇంటికి పరిగెత్తాను. స్క్రీన్ నిండా ఎర్రర్. బావ ఎక్కించిన కొత్త వెర్షన్‌తో నా ప్రోగ్రాం నడవదు. ఆదివారమే ఆగిపోయింది. నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. హెచ్చరిక నిన్న సాయంత్రమే పెట్టారు.

జూలై 31

పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చింది.

ఆగస్టు 2

మావయ్య దొరికాడు. నన్ను చూడనివ్వలేదు.

ఆగస్టు 5

అందరూ సెల్ టవర్‌ని తిడుతున్నారు. మెసేజ్ ఎందుకు రాలేదే అని బావ కూడా అడిగాడు. నెట్ లేదన్నాను. నిజం చెప్తే ఏమైపోతాడో. చెప్పకుండా అతని ఎదురుగా కూర్చోలేక కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

ఆగస్టు 12

బావ టెస్టు పాసయ్యాడు. ఉద్యోగం వచ్చింది. మీ నాన్నే దగ్గరుండి ఇప్పించినాడురా అని అత్త ఏడ్చింది. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆగస్టు 16

ప్రోగ్రాం ఇక ఆపేస్తానంటే పేటవాళ్ళు ఒప్పుకోలేదు. గాలి లేకపోయినా రోజూ మెసేజ్ పంపుతాను, అది రాని రోజు ఎవరూ వెళ్ళొద్దని చెప్పాను. ఈ బుద్ధి ముందే ఉండాల్సింది.

వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టాను. ఒక్క కమాండ్, కాస్త నెట్. ఇంత చిన్న పని. అందులో పాత వెర్షన్ ఎక్కిస్తున్నాను. బావ వెనకాల నిలబడ్డాడని చూసుకోలేదు. పాతదెందుకే అన్నాడు. వంగి స్క్రీన్ చదివాడు. అతనికి ఎవరూ వివరించక్కర్లేదు. నా వల్లేనేటి అన్నాడు, చాలా మెల్లగా. కాదు బావా, సరేనన్నది నేను, చూసుకోనిది నేను అన్నాను. అప్పటికే గుమ్మం దాటేశాడు.

ఆగస్టు 24

ఈశ్వర్ బావ వైజాగ్ వెళ్ళలేదు. మావయ్య పడవ బాగుచేయించాడు, రేపు వేటకి వెళ్తున్నాడట. మెసేజ్ వెళ్ళే నెంబర్లలో మా నాన్నది తీసి నాది ఎట్టు అని కబురు పంపాడు.

పెట్టాను.