పన్నెండో మనిషిని బతిమాలను

జనవరి 8, సోమవారం

ఈ రోజు నుంచి ఎవరినీ బతిమాలను. ఇది శపథం.

నా పరిశోధనకి ఇప్పటికే వచ్చి వెళ్ళిన ఒకాయన, "ఆ అమ్మాయి అడిగితే కాదనలేకపోయాను" అని యూనివర్సిటీ నైతిక సంఘం వాళ్ళతో అన్నాడట. పాపం, నన్ను మెచ్చుకుంటున్నాననుకున్నాడు. సంఘం అలా అనుకోలేదు. ఇష్టపడి వచ్చినవాళ్ళ మీదే పరీక్ష చేయాలి, మొహమాటపెట్టి లాక్కొచ్చినవాళ్ళ మీద కాదని గట్టిగా హెచ్చరించింది.

కర్లింగ్ ఆటలో మంచు మీద రాయి జారుతుంటే దాని ముందు చీపుళ్ళతో ఊడుస్తూ పరిగెత్తుతారు కదా. యాభై దాటినవాళ్ళకి ఆ ఊడ్పులో గుండె ఎంత కష్టపడుతుందో కొలవడం నా పని. మూతికి మాస్కు, ఛాతీకి తీగలు, ఓపికున్నంత వరకూ ఊడవడం. పన్నెండు మంది కావాలి. పదకొండు మంది అయ్యారు. నెలాఖరులోగా ఇంకొకరు దొరక్కపోతే జూన్‌లో నాకు పట్టా లేదు.

మా ప్రొఫెసర్ ఎల్స్‌పెత్ గారు పిలిచి చెప్పారు. "డారియా, కర్లింగ్ క్లబ్బులో పోస్టర్ అంటించు. పక్కకి జరుగు. నోరు మూసుకో."

"అంతేనా మేడమ్?"

"నీకు ఆ మూడోదే కష్టం."

ఏం కష్టం? చుట్టాల్ని అడగను. తిండి ఆశ పెట్టను. పరీక్ష జరుగుతుంటే "బాగుంది, ఎప్పుడైనా ఆపొచ్చు" తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడను. హాయిగా ఉంది!

జనవరి 15, సోమవారం

పోస్టర్ అంటించి వారం. ఒక్కరూ రాలేదు. ఎవరో మంచు తీసే పాత యంత్రం అమ్మకం కాగితం తెచ్చి నా పోస్టర్ మీద సగానికి అంటించారు. దాన్ని కాస్త జరిపాను. జరపడం బతిమాలడం కాదు.

పోస్టర్ పక్కనే కాసేపు ఊరికే నిలబడ్డాను. ఒక పెద్దాయన వచ్చి, "ఎవరికోసమైనా చూస్తున్నావా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. వెళ్ళి నాకు కాఫీ తెచ్చిచ్చాడు. కెనడాలోని ఈ సాస్కటూన్‌లో చలికి నిలబడ్డ ప్రతివాడికీ కాఫీ ఇస్తారు గానీ, గోడ మీద ఏముందో మాత్రం చదవరు.

జనవరి 19, శుక్రవారం

పిండిలో బంగాళదుంప కూర్చి ఉడికించే పెరొగీలు ఒక పళ్ళెం నిండా చేసి క్లబ్బుకి పట్టుకెళ్ళాను. పరిశోధనకీ వాటికీ సంబంధం లేదు. పోస్టర్ కింద పెట్టానంటే, బల్ల అక్కడే ఉంది మరి.

ఒకాయన నోటి నిండా పెట్టుకుని పోస్టర్ చదివాడు. "పేరు ఇవ్వకపోయినా తినొచ్చా?"

"తినొచ్చండి."

"అయితే ఇంకో నాలుగు వెయ్యి."

వేశాను. నవ్వుతూనే వేశాను. కడుపు మండిపోయింది.

జనవరి 21, ఆదివారం

నాన్నమ్మ ఇంట్లో భోజనం. "ఎందుకే మొహం అలా వేలాడేశావు?" అంది. అడిగింది కాబట్టి చెప్పాను. అడిగినదానికి జవాబు చెప్పడం ఏ నియమంలోనూ తప్పు కాదు.

నెస్టర్ బాబాయి ఎదురుగానే ఉన్నాడు. అరవై దాటాయి, ఆ క్లబ్బులోనే ఊడుస్తాడు. నేను ఆయన వైపు చూడలేదు. నాన్నమ్మ చూసింది.

"నెస్టర్, బుధవారం నీకేం పని?"

"ఏం లేదమ్మా."

"అయితే దీని దగ్గరికి వెళ్ళు."

నేను బీట్‌రూట్ సూపులో తల దించుకుని కూర్చున్నాను. ఇక్కడ స్పష్టంగా రాసుకుంటున్నాను: నేను అడగలేదు.

జనవరి 24, బుధవారం

బాబాయి చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. "సంతకం ఎక్కడ?"

"ముందు చదవాలి బాబాయ్."

"మీ నాన్నమ్మ చదివిందా?"

"ఆవిడెందుకు చదువుతుంది?"

"వెళ్ళమన్నది ఆవిడేగా."

నేనే చదివి వినిపించాను. ఎప్పుడైనా మానేయవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు అన్న చోట ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "యూనివర్సిటీకి చెప్పనక్కర్లేదు, సరే. ఆదివారం మళ్ళీ ఆవిడ ఎదురుగా కూర్చుని తినాలిగా" అని సంతకం పెట్టేశాడు.

అప్పుడే ఇంటికి పంపేయాల్సింది. పంపలేదు.

చెయ్యి ఎత్తితే ఆపేస్తానని చెప్పి మొదలుపెట్టాను. బాబాయి బాగా ఊడ్చాడు. మొహం కందిపోయింది. తెర మీద గీత నాకు కావలసిన చోటికి దాదాపు వచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి చీపురు వదిలి సగం పైకి లేచింది.

"ఇంకొక్క నిమిషం బాబాయ్! నా కోసం!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. చెయ్యి దిగిపోయింది. మళ్ళీ ఊడ్చాడు.

పన్నెండు మందిలోకీ చక్కని ఫలితం. తర్వాత ఒళ్ళో బకెట్ పెట్టుకుని కూర్చుని, "బాగానే ఉన్నానమ్మా, సారీ" అన్నాడు, బకెట్ లోపలికి చూస్తూ.

జనవరి 25, గురువారం

లోకంలో కోచ్‌లందరూ అరుస్తారు. అది ప్రోత్సాహం. పైగా చెయ్యి పూర్తిగా ఎత్తలేదు, సగమే. సగాన్ని ఎత్తడం అంటారా? చెమట తుడుచుకోబోయాడేమో. జూన్‌లో పట్టా పుచ్చుకునే రోజు వేసుకోవడానికి చెప్పులు చూశాను.

జనవరి 27, శనివారం

క్లబ్బులో బాబాయి జట్టు పోటీ. ఆఖరి రాయి ఆయన ఊడ్చుకుంటూ తీసుకెళ్తే మంచు మీద గీసిన వలయాలకి సరిగ్గా నడి మధ్యలో ఆగింది. గెలిచారు. అందరం చప్పట్లు కొడుతున్నాం. బాబాయి నడుం నిమురుకుంటూ లేచి, "నా చీపురు రాయికి తగిలింది" అని తానే దాన్ని కాలితో పక్కకి తోసేశాడు. ఈ ఆటలో అంతే. చీపురు తగిలితే ఆ రాయి చెల్లదు, తగిలించినవాడే చెప్పాలి. ఓడిపోయారు.

ఓడినవాళ్ళకి గెలిచినవాళ్ళు బీరు పోయించడం ఇక్కడి ఆచారం. బాబాయి పక్కన కూర్చున్నాను.

"ఎవరూ చూడలేదు బాబాయ్."

"తగిలిన సంగతి నాకు తెలుసుగా."

"అంత బాగా ఆగిన రాయిని తీయబుద్ధి ఎలా అయింది?"

"బుద్ధి ఎక్కడయింది? ఏడుపొచ్చింది. తీశాను."

బీరు గ్లాసు కింద పెట్టేశాను. "బుధవారం చెయ్యి ఎందుకు దించేశావు?"

"నా కోసం అన్నావుగా. ఛాతీ పట్టేసినట్టయింది కాసేపు. చెబితే నువ్వు బాధపడతావని..."

సోమవారం డాక్టర్ దగ్గరికి రమ్మని అక్కడే బతిమాలాను. రెండు చేతులూ పట్టుకుని బతిమాలాను. శపథం సంగతి తర్వాత.

జనవరి 29, సోమవారం

గుండెకేం కాలేదు, కండరం పట్టిందన్నాడు డాక్టర్. బాబాయి వెంట వచ్చిన పిన్ని నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

మధ్యాహ్నం సంఘానికి అంతా రాసి పంపాను. ఆయన చెయ్యి ఎత్తాడు, నేను ఆపలేదు, ఆ ఫలితం తీసేయండి అని.

ఎల్స్‌పెత్ గారు చదివి కాగితం పక్కన పెట్టారు. "జూన్ పోయినట్టే, తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"పోనీలే. శరదృతువులో ఆ పట్టాల గౌనులో ఉక్కపోయదు."

బాత్రూంలోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను.

ఫిబ్రవరి 26, సోమవారం

సంఘం నాకు నైతిక నియమాల పాఠాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పించి, పరీక్షలు కొనసాగించడానికి ఈ రోజే అనుమతి ఇచ్చింది. ఈ రోజు నుంచి ఎవరినీ బతిమాలను. ఇది శపథం.

కొత్త పోస్టర్ అంటించాను. ఎర్ర టోపీ ఆవిడ ఒకరు దాన్ని చివరి వరకూ చదివి నా వైపు తిరిగింది.

"కష్టంగా ఉంటుందా?"

"చాలా."

"నాకేమైనా లాభమా?"

"ఏమీ లేదండి."

"మధ్యలో ఆపేస్తే నువ్వు నొచ్చుకుంటావా?"

"నొచ్చుకుంటాను. కానీ ఆపేస్తాను."

ఆవిడ ఎర్ర టోపీ చెవుల మీదికి లాక్కుంది. "అయితే నాకొద్దులే అమ్మా. సారీ."

"పరవాలేదండి."

వెంట పరిగెత్తకుండా, ఆవిడ కారు గేటు దాటేదాకా తలుపు పిడి పట్టుకుని లోపలే నిలబడ్డాను. పన్నెండో మనిషి ఇంకా దొరకలేదు. కానీ ఈ ఊళ్ళో ఒక మనిషి నా మొహం మీదే వద్దని చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.