దూరం చాప

జులై 7, సోమవారం

వచ్చే సోమవారం దుర్గ్ వెళ్ళాలి. సర్కారీ ఆసుపత్రిలో చేతికి ఇంప్లాంట్ పెడుతున్నారట — అగ్గిపుల్లంత కడ్డీ, చర్మం కింద. కొన్నేళ్ళపాటు గర్భం రాదు. ఆయనకు చెప్పలేదు. అత్తకు అసలే చెప్పలేదు. రెండో పాప కాన్పులో ఆగని రక్తం... ఆ మంచం మీంచి లేచానంటే ఇప్పటికీ నమ్మకం కలగదు. మూడోసారి లేవను. అత్తకు మాత్రం మనవడు కావాలి. ఆయనేమో "అమ్మ ముచ్చట పడతంది కదే..."

జులై 8

ఇన్నాళ్ళూ నన్ను కాచింది దూరం చాప. నెలసరి వస్తే మా ఇంట్లో ఇప్పటికీ వెనక వరండాలో పడక, విడిగా కంచం. మరోదా కాలనీ స్నేహితురాళ్ళు వింటే నవ్వుతారు — సెక్టర్ 2 స్టీల్ ప్లాంట్ క్వార్టర్‌లో ఏసీ ఉంది, ఇంకా శ్రీకాకుళం చాపేనా! నవ్వనీ. ఆ రోజుల్లో ఆయన వరండా గడప దాటి రారు. అందుకే నెలసరి రాకపోయినా వచ్చిందని చెబుతున్నాను. నెలకు రెండు సార్లు, ఒక్కోసారి మూడు. అబద్ధమే. సిగ్గేమీ లేదు. ప్రాణం తీపి.

జులై 10

విచిత్రం. రేపు ఆయనకు వీక్లీ ఆఫ్. ఇవాళ దూరమని చెప్పేయాలి — పళ్ళు తోముకుంటూ అనుకున్నాను. వరండాలోకి వెళ్తే చాప పరచి ఉంది. కంచం, చెంబు కూడా. నేనింకా నోరు తెరవలేదు! అత్త తులసికి నీళ్ళు పోస్తోంది. "తొంగో అమ్మా" అంది, వెనక్కి తిరక్కుండానే.

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

జులై 14, సోమవారం

వెళ్ళాను కాదు — వెళ్ళాం. నీరసానికి సూది వేయించుకుంటానంటే అత్త నాకంటే ముందు గేటు దగ్గరుంది. "దుర్గ్ ఒక్కదానివే ఎల్తావేటి?"

ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి. డాక్టర్ మేడమ్ మంచిది. కడ్డీ అందరికీ పెట్టరట, ముందు ప్రశ్నలు. రొమ్ములో గడ్డలు? లివర్ జబ్బు? కాళ్ళలో రక్తం గడ్డకట్టడం? ఫిట్స్‌కి గానీ టీబీకి గానీ మందులు? లేవు, లేదు, లేదు, లేవు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చక్కగా జవాబులు చెప్పలేదు. ఇక చివరిది — నెల మధ్యలో రక్తం కనిపిస్తోందా?

"హా మేడమ్. మహీనే మే దో బార్, తీన్ బార్."

నెలకు రెండు సార్లు, మూడు సార్లు — అన్నది నా గొంతు కాదు. అత్త. నా వెనకే నిలబడి ఉంది. తలుపు చప్పుడే వినలేదు.

మేడమ్ పెన్ను కింద పెట్టింది. కారణం తెలియని రక్తస్రావం ఉంటే ఇప్పుడే పెట్టదట. కడ్డీ పెట్టాక కూడా కొందరికి రక్తం కనిపిస్తుందట. లోపల జబ్బేదైనా ఉంటే ఆ రక్తం దేనివల్లో తెలియదు. ముందు పరీక్ష, స్కాన్. అప్పటిదాకా కండోమ్... ఆయనతోనా!

అదంతా అబద్ధమని అత్త ముందు ఎలా చెప్పను? నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

జులై 15

బీరకాయ పప్పు చేసింది, నాకిష్టమని. "సూది ఎయ్యలేదేటో, పాపం" అంటూ నెయ్యి వేసింది. భయమేస్తోంది.

జులై 17

అత్త భజనకు వెళ్ళగానే దుర్గ్ బస్సెక్కాను. మేడమ్‌కి అంతా చెప్పేశాను — చాప, అబద్ధం, అన్నీ. ఆవిడ నవ్వలేదు. "పహలే బోల్నా థా, బేటా" — ముందే చెప్పాల్సింది అంది. నెలసరి సరిగ్గానే వస్తోంది కాబట్టి సోమవారం పెడతానంది. ఈలోగా నిజంగా మధ్యలో రక్తం కనిపిస్తే మాత్రం దాచకూడదు, అది నీ ప్రాణానికే ముప్పు అంది. దాచనని మాటిచ్చాను.

జులై 18

హాయిగా ఉంది. పిల్లలిద్దరికీ జడలు వేస్తూ పాట కూడా పాడాను.

జులై 20, ఆదివారం

సాయంత్రం ప్లాంట్ వైపు ఆకాశం ఎర్రబడింది, స్లాగ్ — కొలిమిలో మిగిలిన మండే చిట్టెం — పారబోస్తున్నట్టున్నారు. బట్టలు తీద్దామని వరండాలోకి వెళ్ళాను. చాప పరచి ఉంది.

నేనేమీ చెప్పలేదు. ఈసారి మనసులో కూడా అనుకోలేదు.

ఒళ్ళు మండి చుట్టి మూల పెట్టాను. అప్పుడే పొత్తికడుపులో పోటు. బాత్రూంలోకి పరుగెత్తాను... రక్తం. నెలసరికి ఇంకా చాలా రోజులున్నాయి.

బయటికొచ్చేసరికి చాప మళ్ళీ పరచి ఉంది. అత్త చెంబులో నీళ్ళు పోస్తోంది, తాపీగా. "ఈపాలి నిజమేనేటమ్మా?"

ఈసారి. అంటే ఇన్నాళ్ళవీ అబద్ధాలని తెలుసు. తెలిసే మేడమ్‌కి అలా చెప్పింది. కోపం కూడా రావడం లేదు.

జులై 21, సోమవారం

మేడమ్ మళ్ళీ అడుగుతుంది. లేదంటే కడ్డీ పెడుతుంది — లోపల ఏముందో తెలియకుండానే. ఉందంటే ఖాళీ చేత్తో ఈ ఇంటికే తిరిగి రావాలి. తెల్లారినప్పటినుంచీ రెండు జవాబులూ నోట్లో తిప్పుకుంటున్నాను.

ఎవరికీ చెప్పకుండా ఆటోను సందు చివర ఆపమన్నాను. ఇప్పుడు కిటికీలోంచి చూస్తున్నా... అత్త అప్పటికే ఎక్కి కూర్చుంది. పక్కన చోటు తట్టి చూపిస్తూ, ఇక్కడిదాకా వినిపించేలా పిలుస్తోంది.

"రా అమ్మా. నానేటీ అనను. ఈపాలి నువ్వే సెప్పు."