ఇద్దరు పాత్తుమ్మలు

జూన్ 3, మంగళవారం

రోగుల లిస్టులో ఒక వరుస దిద్దబోతే కంప్యూటర్ మళ్ళీ మొరాయించింది. టేబుల్‌కి ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసకీ విడి నంబరు, లేదట, ఏ వరుస ఎవరిదో తనకి తెలియదట. మూడేళ్ళ కింద ఈ టేబుల్ చేసింది నేనే. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకెళ్ళి నొప్పికి మందులిచ్చే మా పాలియేటివ్ క్లినిక్ లిస్టులో నాలుగు వందల మంది. మనిషికొక నంబరివ్వడానికి బద్ధకించాను. ఇంటిపేర్లు కూడా ఒక్క అక్షరానికి కోసేశాను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

జూన్ 5

కె. పాత్తుమ్మ పోయిందని నర్సు రంలత్ ఫోన్ చేసింది. కంప్యూటర్ మామూలుగా దిద్దనివ్వదు కనుక పేరూ, ఊళ్ళో వార్డూ చూపించి కమాండ్ రాశాను. 'మరణం' అని పడింది. కింద 'రెండు వరుసలు మారాయి' అని వచ్చింది.

చూశాను. ఐదున్నర బస్సు పోతుందని లేచాను.

జూన్ 11

వాన. జ్వరం. సెలవు.

జూన్ 17, మంగళవారం

రంలత్ చెల్లెలి పెళ్ళికి వెళ్ళింది. ఆమెకి లిస్టు అక్కర్లేదు, ఇళ్ళన్నీ గుర్తే. ఆమె బదులు కొత్త సిస్టర్ జిన్సీ నా లిస్టు పట్టుకుని ఇళ్ళకి తిరిగింది. ఇళ్ళు తక్కువే ఉన్నాయి అక్కా, తొందరగా అయిపోయింది, ఇలా అయితే రోజూ వస్తా అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్ 19, ఉదయం 11

తడిసిన గొడుగుతో ఒక ముసలాయన వచ్చాడు. పేరు కోయ. మా ఆవిడ నొప్పి మాత్రలు అయిపోయి రెండ్రోజులైంది, సిస్టర్ రాలేదు, పళ్ళు బిగబట్టుకుని పడుంది, మా వల్లేమన్నా తప్పు జరిగిందా అమ్మా అని అడిగాడు.

ఆవిడా పాత్తుమ్మే. ఇంటిపేరు కున్నత్త్. పోయినావిడది కిళక్కేతిల్. వార్డు ఒకటే, నేను కోసేస్తే ఇద్దరూ కె. పాత్తుమ్మలే; ఆరోజు మారిన రెండు వరుసలూ వీళ్ళవే.

జిన్సీ మాత్రలు తీసుకుని ఆటోలో పరుగెత్తింది. క్లినిక్ సెక్రటరీ మొయ్తీన్ మాష్, పాత మాస్టారు, నా బల్ల దగ్గరికి వచ్చారు. మన వీధిలో పాత్తుమ్మా అని కేకేస్తే పది తలుపులు తెరుచుకుంటాయి, ఇంటిపేరు కొయ్యమని నీకెవరు చెప్పారే అన్నారు. ఎవరూ చెప్పలేదు మాష్.

సిగ్గుతో తల కొట్టేసినట్టుంది.

జూన్ 22, ఆదివారం

నర్సుల నోటుబుక్కులు ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి, పూర్తి పేరు రాసి, నంబరిచ్చాను. నాలుగు వందల పన్నెండు. వేళ్ళు వంగడం లేదు.

జూన్ 24

రంలత్‌తో కలిసి కోయ ఇంటికి వెళ్ళాను. నన్ను చంపిన పిల్లవి నువ్వేనా, కూర్చో, చాయ్ తాగిపో అంది పాత్తుమ్మ. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఆ రెండో పాత్తుమ్మకి ఆఖర్లో నొప్పి లేదు కదా అని అడిగింది.

లేదుమ్మా, మాత్రలు అందాయి అంది రంలత్.