చేతులకు సాక్సులు

శనివారం, పడుకునే ముందు.

రేపు చర్చిలో మునిమనవరాలికి పేరు పెడతారు. పాపను నేనే ఎత్తుకోవాలని వాళ్లమ్మ సునీత పట్టు. పోయిన ఆదివారం చెంప తాకితేనే నా గరుకు వేళ్లకు పాప కెవ్వుమంది. మా నేతగాళ్ల కొత్తవాడలో యాభై ఏళ్లుగా దర్రీ తివాచీలు నేస్తున్న చేతులివి. దారానికి మరకవుతుందని ఏనాడూ నూనె రాయలేదు.

సోమవారం పొద్దున్నే కొబ్బరినూనె రాసుకుని మగ్గమెక్కాను. దర్రీ అంచు పాడైంది. పార్లర్‌లో పనిచేసే సునీత ఒకటే నవ్వు.

"పొద్దుగాల కాదు తాతా! పగలంత తోలు ఎండతోని, దుమ్ముతోని కొట్లాడుతది. మనం పండుకున్నంక మరమ్మతు చేసుకుంటది. రాత్రి పెట్టు, సాక్సులు తొడుగు."

తొడిగాను. మా ముసలామె ఊరుకుంటుందా?

"చేతులకు సాక్సులేందయ్యా? ఇగ నెత్తికి చెప్పులేస్తవా?"

ఐదు రాత్రులయ్యాయి. ఈ సాయంత్రం ఎవరూ చూడకుండా పాప చెంప తాకాను. ఏడవలేదు. నా వేలు పట్టుకుని నిద్రపోయింది. గంటసేపు కదల్లేదు నేను.

చేతుల సంగతి తేలింది. రేపు అంతమంది ముందు నిలబడితే కాళ్లు వణుకుతాయేమో. వాటికేం రాయాలో సునీతను అడగలేదు...