కొత్త టైర్లు ఎవరి కోసం

ఫాగర్నెస్,
నవంబరు ఆఖరి ఆదివారం.

చిరంజీవి తమ్ముడు ఐవిన్‌కి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నాన్న, నీ కుక్క ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, మీ దీవి మీది తెల్ల ఎలుగుబంట్లూ ఒకరికొకరు దూరంగా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. ఓడలో ఎక్కడో తడిసినట్టుంది, రెండో పేజీ అలుక్కుపోయింది గానీ చదవగలిగాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న బాగానే తింటున్నాడు. బంగాళాదుంపలు మాత్రం తనే ఉడికించుకుంటాడు. నేను ఉడికిస్తే ముద్దయిపోతాయట. పొగగొట్టం తుడిపించాం. నీ పడవ మీద పట్టా కప్పి తాళ్ళు బిగించాం. కుక్క నీ మంచం దిగడం లేదు. దింపితే నా వంక అద్దె అడిగినదాన్ని చూసినట్టు చూస్తుంది. వాతావరణ కేంద్రంలో మీ నలుగురికీ వంట వంతులు కుదిరాయన్నావు, సంతోషం. నీ వంతు వచ్చిన రోజున మిగతా ముగ్గురి సంగతే నా దిగులు.

ఇక టైర్ల మాట. "కారుకి ఇంకో రెండు చలికాలాలు, నాన్న నడిపేది మహా అయితే ఇంకొక్కటి. దానికి కొత్తవెందుకు? ఎవరైనా వాడినవి అమ్ముతుంటే చూడు" అని రాశావు. నీ ఉత్తరం రాకముందే నేనూ అలాగే అనుకున్నాను. నిరుటి టైర్లకు మంచును కరిచిపట్టే ఇనప మేకులు సగం రాలిపోయాయి. ఆ బోసినోటితో మంచును పట్టుకోమంటే ఏం పట్టుకుంటాయి? మన ఇంటి వెనక గుట్టకి అవతలి వైపున ఉండే ఆస్‌మున్ దగ్గర నాలుగు టైర్లున్నాయని కొట్టులో విని, అక్టోబరు మొదట్లో నాన్నతో కలిసి వెళ్ళాను. నడిచే వెళ్ళాం. నాన్నే నడుద్దామన్నాడు.

ఆస్‌మున్ కొట్టంలోంచి టైర్లు దొర్లించుకుంటూ తెచ్చి వరసగా నిలబెట్టాడు.

"మా ఆవిడ కారువి. ఆదివారం చర్చికి తప్ప ఇంకో చోటికి పోలేదు," అన్నాడు.

"మీ ఆవిడ చర్చికి రావడం నేనెప్పుడూ చూళ్ళేదే," అన్నాడు నాన్న.

"అందుకే కదా అరగలేదు."

నాన్న నవ్వాడు. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని రబ్బరులో గోరు గుచ్చాడు. గోరు దిగలేదు. టైరు పక్కన చిన్న అంకెలు నాలుగుంటాయి చూడు, ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెప్పేవి. వాటిని నన్ను చదవమన్నాడు. చదివాను. పదకొండేళ్ళ నాటివి.

"ఎండ తగల్లేదు, వాన తగల్లేదు. గాళ్ళు చూడు హాల్‌స్టైన్, ఎంత నిండుగా ఉన్నాయో," అన్నాడు ఆస్‌మున్ నాన్నతో.

"నా పళ్ళూ నిండుగానే ఉన్నాయి. రాత్రిపూట గ్లాసులో ఉంటాయి."

బేరం అక్కడితో తెగిపోయింది. ఆస్‌మున్ ఏమీ అనుకోలేదు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాడు. నాకే చిరాకు వేసింది. ఊళ్ళో మరో రెండు చోట్ల వాడిన టైర్లు చూశాం. ఒకచోట ఒక టైరుకి అతుకుందన్నాడు నాన్న, ఇంకోచోట నాలుగూ ఒకే రకం కావన్నాడు. రెండూ నిజమే, కానీ ఒక్క చలికాలానికి అంత పరీక్షా అనిపించింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర నోరు జారాను. "నాన్నా, ఇంకెన్ని చలికాలాలు నడుపుతావని కొత్తవే కావాలంటున్నావు?" అన్నాను.

నాన్న నావైపు చూడలేదు. "దుంపలు చల్లారిపోతున్నాయి, తిను," అన్నాడు.

చివరికి కొత్తవే కొన్నాం. మేకులున్నవి, నాలుగూ. నీతో బళ్ళో చదువుకున్న బెరిత్ లేదూ, బస్సుల స్టాండు వెనక టైర్ల షాపు ఇప్పుడు తనదే. నిన్నడిగింది. "ఎలుగుబంట్ల కాపరి ఎలా ఉన్నాడు?" అంది. నీకు నాలుగు మాటలు రాయమంది గానీ, అందులో రెండు ఉత్తరంలో రాయగలిగేవి కావు.

ఇంతవరకూ రాసి, లేచి కాఫీ పెట్టుకుని వచ్చాను. ఇప్పుడు రాయబోయేది నాన్న నీకు చెప్పొద్దన్న సంగతి. వాడు అంత దూరాన ఒంటరిగా కూర్చుని దిగులు పడతాడన్నాడు. ఆయన మాట కాదని రాస్తున్నాను. ఫోనులో ఎందుకు చెప్పలేదంటావేమో. మన ఇంట్లో ఫోను ఎక్కడ పట్టుకున్నా ఆయన చెవి అక్కడే ఉంటుంది కదా.

ఐవిన్, నాన్న ఇక కారు నడపడు.

బెరిత్ షాపుకి వెళ్ళిన రోజున ఆ సంగతి నాకు తెలియదు. రోడ్డు పొడిగా ఉంది, మంచు ఇంకా పడలేదు. భుజం నొప్పి, నువ్వు నడుపు అని నాన్న అంటే నడిపాను. షాపులో బెరిత్ రెండు రకాల టైర్లు ముందు పెట్టింది.

"మేకులున్నవా, లేనివా? ఊళ్ళోనే తిరిగేటట్టయితే మేకుల్లేనివి చాలు, చప్పుడుండదు. కొండ దాటాలంటే మాత్రం మేకులుండాలి," అంది.

"కొండ దాటాలి," అన్నాడు నాన్న.

"ఎనభై దాటాక ఇంకా కొండలు దాటుతారా బాబాయ్?"

"నేను కాదు. మా టురిడ్ దాటుతుంది."

పరిహాసమనుకుని నవ్వాను. నాన్న నవ్వలేదు. అక్కడ పేర్చి ఉన్న టైర్ల మీద చెయ్యి ఆనించి, ధర చెబుతున్నంత మామూలుగా చెప్పుకొచ్చాడు. "సెప్టెంబరులో చర్చి మలుపు దగ్గర దుప్పి నిలబడి ఉంది. ఆడది. పిల్ల కూడా ఉంది. కుడిపక్కనే, రోడ్డు అంచునే. నాకు కనపడలేదు. దాటిపోయాక వెనక అద్దంలో చూశాను. మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడికంటికి అంచులు పోయాయట. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనుంచి వచ్చేది కనపడదు. పోయింది ఇక తిరిగి రాదన్నాడు. లైసెన్సు ఇచ్చేశాను."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాను.

"ఇంట్లో అయితే ఏడుస్తావు. బెరిత్ ముందైతే ఏడవవు."

నిజమే, నేను ఏడవలేదు. బెరిత్ ఏడ్చింది. ముక్కు చీదుకుని, కంప్యూటరులో మన కారు టైరు సైజు వెతుక్కుంటూ కూర్చుంది.

నాకు ముందు వచ్చింది కోపం. నెలకు పైగా నా పక్కనే కూర్చుని తింటూ ఒక్క ముక్క చెప్పలేదని. ఆ కోపంలోనే, "నేను మంచు మీద నడపనని నీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"తెలిసి కూడా కొత్తవి కొంటావా?"

"ఆస్‌మున్ టైర్లు నాకైతే చక్కగా సరిపోయేవి. వాటి వయసుకీ నా వయసుకీ జోడీ కుదిరేది. నీకు కుదరదు. నువ్వింకా ఇరవై చలికాలాలు నడపాలి."

దుంపలు చల్లారిపోతున్నాయన్న రోజున ఆయన మింగేసిన జవాబు అదన్నమాట. బెరిత్ నావైపు తిరిగి, "టురిడ్ అక్కా, నేను అబద్ధమాడను. ఇవి పెట్టుకుంటే జారవని చెప్పను. జారినప్పుడు నీ మాట వింటాయి, అంతే," అంది.

నేను కారుతో సరస్సులోకి జారిన సంగతి నీకు చెప్పనక్కర్లేదు. గట్టు దిగి, గడ్డకట్టిన నీటి మీద కారు ఆగి ఉంటే, తాడు విసిరింది నువ్వే. గడ్డ పగల్లేదు, నాకు విరిగింది మెడకింది ఎముక ఒక్కటే. అందరూ అదృష్టమన్నారు. కానీ నువ్వు వచ్చేదాకా ఆ కారులో కూర్చుని, కింద మంచు చిట్లుతున్న చప్పుడు విన్నది నేను. అందుకే ఆ తర్వాత వేసవుల్లో కొట్టుదాకా నడిపాను గానీ, మంచు పడ్డాక తాళంచెవి ముట్టుకోలేదు. నువ్వు గానీ నాన్న గానీ ఎప్పుడూ నన్ను బలవంతం చేయలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నాన్న ఉన్నాడు కదా అన్న ధైర్యంతోనే నా భయం అంతకాలం హాయిగా బతికింది.

నవంబరు మొదట్లో మంచు పడింది. మర్నాడు నాన్న తాళంచెవి నా కాఫీ కప్పు పక్కన పెట్టి కోటు తొడుక్కున్నాడు. రంపపు మిల్లు వెనక ఖాళీ స్థలం ఉంది కదా, అక్కడికి వెళ్ళాం. నేను నడుపుతుంటే ఆ కాస్త దూరంలోనే కాలినడకన పోయేవాళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయారు.

"ఇక వేగం పెంచు," అన్నాడు.

"దేనికి?"

"ఆపడానికి."

పెంచాను. "ఇప్పుడు బ్రేకు మీద నిలబడు," అన్నాడు. తొక్కాను. కారు కడుపులో ఏదో గరగరలాడింది, బండి మొత్తం పక్కకి తిరిగి, వచ్చిన దారివైపే మొహం పెట్టి ఆగింది.

"స్టీరింగు ఎటు తిప్పావు?"

"తెలీదు. కళ్ళు మూసుకున్నాను."

"ఇద్దరికీ కళ్ళు లేకపోతే బండి ముందుకెళ్ళదు. ఈసారి తెరుచుకుని జారు."

ఆ వారమంతా జారాను. జారాలని జారడం నాకు అంతకు ముందు తెలియదు. జారుతున్న బండి ఎక్కడికి పోతోందో చూస్తూ ఉంటే, మన చేతులకీ కొంచెం పని మిగిలే ఉంటుంది. భయం పోయిందని రాయను. చేతుల్లో ఉన్నప్పుడు కడుపులో తక్కువగా ఉంటుంది.

పోయిన శుక్రవారం గున్‌వోర్ అత్త దగ్గరికి వెళ్ళి వచ్చాం. తుంటి ఆపరేషనైన దగ్గర్నుంచీ ఆమె గుమ్మం దాటడం లేదు. నాన్న ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరబెట్టిన చేపలు ఏటా కొండ దాటించి ఇచ్చి వస్తాడు కదా. ఈసారి, "రాకపోయినా నేనేమీ అనుకోనులే," అంది ఫోనులో. అత్త ఆ గొంతుతో ఆ మాట అంటే ఎంత అనుకుంటుందో నీకు తెలుసు. చేపల బకెట్టు వెనక సీట్లో పెట్టి, బెల్టు కూడా కట్టి బయల్దేరాం.

పైన గాలి లేచింది. కొండ దారికి అడ్డంగా గేటు వేసేసి ఉంది. మంచు తోసే బండి వస్తే దాని వెనక వరసగా వెళ్ళాలన్నారు. ఆ బండి వచ్చాక దాని మనిషి ఒక్కొక్క కారు దగ్గరికీ వచ్చి అడుగుతున్నాడు. మా కిటికీ దించగానే చేపల వాసనకి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"టైర్లెలా ఉన్నాయి?" అన్నాడు.

"కొత్తవి," అన్నాడు నాన్న.

"డ్రైవరు?"

"అదీ కొత్తదే."

వెనక్కి తిప్పేయాలన్న ఆలోచన అప్పుడు వచ్చింది. కానీ వెనక అప్పటికే కార్లు నిలబడిపోయాయి. గేటు ఎత్తారు. ముందున్న కారు ఎర్ర దీపాలు తప్ప మరేమీ లేదు. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. ఆ దీపాలు పోతే నేనూ పోయినట్టే అనుకుని వాటినే చూస్తూ నడిపాను. నాన్న మధ్యమధ్య, "దగ్గరైపోకు," అంటున్నాడు, అంతే. అవతలి గేటు దగ్గర వరస విడిపోయింది, గాలి తగ్గింది. అక్కడినుంచి దిగుడు.

ఏటి పక్కన దారి మెలి తిరిగేచోట నీళ్ళు రోడ్డు మీదికి పారి అద్దంలా గడ్డకట్టి ఉన్నాయి. వెనక చక్రాలు వదిలేశాయి. కారు ఏటివైపు తోక తిప్పింది. బ్రేకు తొక్కలేదు ఐవిన్. కాలు తీసేశాను, ఎటు వెళ్ళాలో అటు చూశాను, చేతులు అటే తిప్పాయి. మేకులు కరకరమని మంచును కొరికి పట్టుకున్నాయి. బండి నిటారైంది. ఊపిరి తీసుకుని, "చూశావా నాన్నా?" అన్నాను.

తిరిగి చూస్తే, గడ్డం మఫ్లరులో దిగబడి, నోరు కొంచెం తెరుచుకుని, నాన్న నిద్రపోతున్నాడు. ఎప్పటినుంచో తెలియదు.

నీకు తెలుసు కదా, పక్క సీట్లో నిద్రపోయే మనిషి కాదాయన. అమ్మ నడిపినన్నాళ్ళూ కుడికాలితో అక్కడ లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. నువ్వు నడిపినా అంతే. ఆ రోజు ఆ కాలు చాపుకుని, బూటు లేసు ఊడిపోయి, పిల్లాడిలా పడుకున్నాడు. రేడియో కట్టేసి, లేపకుండా అత్త వాకిటిదాకా నడిపాను.

నువ్వు ఫోను చేసినప్పుడు కళ్ళ ఊసెత్తకు. ఆయనకి చెప్పాలనిపించినప్పుడు చెబుతాడు, అప్పుడు మొదటిసారి వింటున్నట్టు విను. నన్ను మాత్రం జాగ్రత్త అనొద్దు. ఆ మాట చెప్పడానికి ఇక్కడ ఇంట్లో ఒకరు, ఊళ్ళో ఇద్దరు ఉన్నారు. కుక్కకి నీ పాత స్వెట్టరు ఇచ్చేశాను, అడగకు.

ఇట్లు,
మంచు మీదికి మళ్ళీ వచ్చిన
నీ అక్క,
టురిడ్.